పాలు పొంగని ఇల్లు

“ఎవుర్రా అది? టీవీ కింద పెట్టు!”

గోడ మీది కెమెరాలోంచి వచ్చిన గొంతుకు దొంగ ఉలిక్కిపడ్డాడు. టీవీ చేతుల్లోంచి జారబోయింది. మూకండపల్లిలోని ఆ కొత్తింట్లో ఇంకెవరూ లేరు.

“యాడ నుంచి మాట్లాడతా ఉండావప్పా?”

“టొరంటో. ఇల్లు నాది. పోలీసులకు ఫోన్ చేస్తా ఉండాను.”

టొరంటోలో రక్షిత్ ఫోన్లో పోలీసుల నంబరు తీసి, దాని మీద వేలు పెట్టి ఉంచాడు. సంపాదనంతా పోసి కట్టించిన ఇల్లది. ఇంకా దాని గడప కూడా తొక్కలేదు.

“చెయ్యప్పా. వాళ్ళు జీపు ఎక్కేలోపల నేను సూళగిరి దాటేస్తా.”

“వాచ్‌మన్ ఏం చేస్తా ఉండాడు?”

“నమస్కారం పెట్టినాడు. పొద్దున్నే చేతిలో పాల ప్యాకెట్ ఉండే మనిషిని ఎవురడుగుతారు?”

దొంగ టీవీని ఒక చేత్తో పొట్టకు ఆనించుకుని, జేబులోంచి ప్యాకెట్ తీసి చూపించాడు. అంతలో వాడి చూపు హాలుకు ఆనుకుని ఉన్న వంటింట్లోని పొయ్యి మీద పడింది. కంపెనీ స్టిక్కర్ ఇంకా పీకలేదు.

“ఏమప్పా, పాలు పొంగించలేదా?”

“లీవు దొరకలేదు.”

“అయ్యో!” వాడు టీవీని మెల్లగా నేల మీద పెట్టాడు. “పాలు పొంగని ఇంట్లోనుంచి ఏమెత్తినా అచ్చిరాదు. మా గురువు మాట.”

“మీకు గురువులు కూడానా?”

“నీకు మేనేజర్ ఉంటే నాకు గురువు ఉండకూడదా?”

రక్షిత్ నవ్వాడు. టొరంటోలోని తన గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

“ఈడ కూడా ఒక ఫ్లాట్ కొన్నానప్పా. పాలు పొంగించినాను. పొంగిన పాలు మాడి, పొగకు అలారం మోగి, బిల్డింగంతా రోడ్డు మీదికి వచ్చింది. పక్కింటోళ్ళ మొహాలు చూసింది ఆ ఒక్క రోజే.”

“మనోళ్ళను పిలవలేదా?”

“ఎవురుండారు పిలిచేదానికి?”

దొంగ స్టిక్కర్ పీకాడు. కొత్త గిన్నె కడిగి, పాలు పోసి, పొయ్యి వెలిగించాడు. ఇద్దరూ గిన్నె వైపే చూస్తూ ఉండిపోయారు. పాలు తెల్లగా లేచి, అంచు దాటి, తూర్పు వైపు పొర్లాయి.

“పొంగినాయప్పా! చూస్తా ఉండావా?”

“చూస్తా ఉండాను.” రక్షిత్ వేలు ఆ నంబరు మీది నుంచి ఎప్పుడో జారిపోయింది.

దొంగ లోటాలో పాలు పోసుకుని, కెమెరా వైపు ఒకసారి ఎత్తి చూపించి తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

“ఇప్పుడిది ఇల్లయింది. ఇంక నా పని నేను చూసుకుంటా.”

టీవీని భుజానికెత్తుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

కాసేపటికి వాచ్‌మన్ మాదేశ్ ఫోన్ చేశాడు. “సార్, వెనక తాళం పగలగొట్టి టీవీ ఎత్తుకోని పోయినారు సార్! పోలీసులకు చెప్పి, గట్టి తాళం ఒకటి వేసేదా?”

తెర మీద వంటిల్లు ఖాళీగా ఉంది. పొయ్యి మీద పాల మరక ఇంకా ఆరలేదు.

“పోలీసులూ వద్దు, తాళమూ వద్దు మాదేశన్నా,” అన్నాడు రక్షిత్. “ఈ పొద్దే ఇంకో టీవీ తెచ్చి పెట్టు.”