నీలిగుడ్డ

"చూడు, నీలం" అంటూ మామగారు రైఫిల్ గొట్టంలోంచి తీసిన గుడ్డముక్కను అల్లుడి ముక్కు కింద పెట్టారు. "తూటా పేలిస్తే గొట్టానికి రాగి అంటుకుంటుంది. గొట్టం కడిగే ఈ మందుకి రాగి తగిలితే నీలమవుతుంది. నిరుడు నేనే శుభ్రం చేసి బీరువాలో పెట్టాను. తాళంచెవి ఎక్కడుంటుందో నీకొక్కడికే తెలుసు."

"నేను తియ్యలేదు మామయ్యా."

"మా తమ్ముడూ ఇదే మాటన్నాడు. అప్పుడూ నీలమే వచ్చింది. ఆ రోజు గడప దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు."

అల్లుడికి తూటా ఎటునుంచి పెట్టాలో కూడా తెలియదు. ఆ సంగతి చెప్పుకుంటే ఉన్న పరువూ పోతుందని ఊరుకున్నాడు.

మామగారు గొట్టం తుడిచే కడ్డీ కొసకు కొత్త గుడ్డ చుట్టి, మందులో ముంచి, బల్లకు ఆనించి, నిజాయితీ గురించి ఉపన్యాసం అందుకున్నారు. అది ఓ పట్టాన తెమల్లేదు. ఈలోగా మందు ఘాటుకి ముక్కు మూసుకుని అత్తగారు కిటికీ తెరవడానికి వచ్చారు.

"ఈ గుడ్డ గొట్టంలో పెట్టారా?"

"ఇంకా లేదు."

"మరి నీలంగా ఉందేం?"

మామగారు గుడ్డ విప్పారు. కడ్డీ కొస ఇత్తడిది. ఇత్తడిలో రాగి ఉంటుందని ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"నువ్వెళ్ళి పడుకో బాబూ" అన్నారు అల్లుడితో.

అల్లుడు కదల్లేదు. అత్తగారు కిటికీ తెరిచి, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"మీ తమ్ముడప్పుడూ ఈ కడ్డీయేనా?"

మామగారు గుడ్డను మడత మీద మడత పెట్టారు.

"ఇంట్లో ఇంకో కడ్డీ ఎప్పుడుంది" అన్నారు చివరికి.

అత్తగారు ఫోను తెచ్చి ఆ నీలిగుడ్డ పక్కన పెట్టారు.