వెనక లారీ

“లిస్టు మొత్తం తిరుగుకుంట ఒక్కో నోడ్ మెమరీ ఖాళీ చెయ్యాలె. ఎట్ల?” కంప్యూటర్ పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకుని అడిగాడు వీరన్న.

“ముందుగల్ల తర్వాతి నోడ్ అడ్రసు వేరే పాయింటర్‌ల దాచుకోవాలె నాయినా. గప్పుడే మొదటిదాన్ని ఫ్రీ చెయ్యాలె,” అంది కూతురు సంగీత.

“ఎందుకు?”

“తర్వాతిది యాడుందో దానికొక్కదానికే తెలుసు. దాన్ని వదిలేసినంక ఎవర్ని అడుగుతవ్?”

వీరన్న పనిచేసేది సారపాక మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర. ఏ సంగతైనా లారీల మీదుగా వస్తేనే ఆయనకు తృప్తి.

“అంటే, ఎనకాల లారీ ఎవరిదో ముందటి డ్రైవర్‌కే తెలుసు. అడగకుండ ఆయన్ని పంపిస్తే, ఎనకటోడు ఏ చాయ్ హోటల్ల కూసున్నడో ఊరంత దేవులాడాలె.”

“అవ్. గంతే.”

“మళ్లొకసారి చెప్పు.”

“మూడుసార్లు చెప్పిన నాయినా.”

“మూడుసార్లు తప్పింది గూడ గా పేపరే,” వంటింట్లోంచి చురక అంటించింది తల్లి బాలి.

ఆ మాట నిజమే. ఈ ఒక్క పేపరు గట్టెక్కితే డిప్లొమా చేతికొస్తుంది. అది లేకనే మిల్లు కంట్రోల్ రూములో ఉద్యోగం రెండుసార్లు చేజారింది. ఇదే ఆఖరి అవకాశం.

మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి గోరి గుమ్మంలోనే ఆగింది. “గీ వయసుల చేసే పనులు వేరే ఉంటయ్ గద బాలీ. గీ కంప్యూటర్ల లొల్లి ఏంది?”

బాలి నవ్వి మజ్జిగ పోసింది. ఊరి నోటికి పెట్టేంత పెద్ద మూత ఆమె ఇంట్లో లేదు.

పొద్దున్నే తండ్రీ కూతుళ్లు కొత్తగూడెం బస్సెక్కారు. ఇన్ని నెలల కష్టం మూడు గంటల్లో తేలిపోతుందంటే సంగీతకు భయమేసింది.

పరీక్ష జరిగే కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. “పిల్లలే లోపలికి. పెద్దోళ్లు గా చెట్టు కింద కూసోండ్రి. హాల్‌టికెట్ ఏది?”

సంగీత సంచిలోంచి తీసిచ్చింది. వాచ్‌మన్ దాన్ని చూశాడు. తలెత్తి సంగీతను చూశాడు. మళ్లీ దాన్ని చూశాడు.

“ఇదేందమ్మా?”

ఫొటోలో ఉన్నది వీరన్న. కింద పేరూ ఆయనదే.