బల్దోమెరో దాహం

"ట్యాంకులో నీళ్లు మళ్లీ తగ్గాయి. ఎవరు తాగేస్తున్నారు, దోన్ నోల్బెర్తో?"

హైడ్రోజన్ లారీ మూత దించుతూ ఇంజనీరు యాస్నా డ్రైవరును నిలదీసింది.

"నన్నడుగుతావేం, ఇంజనీరమ్మా? నీ లారీనే అడుగు." ముసలాయన నవ్వుతూ టోపీతో మొహం విసురుకున్నాడు.

ఆ లారీ పొగ వదలదు, నీళ్లు వదులుతుంది. లోపలి పల్చటి పొర తడిగా ఉంటేనే కరెంటు పుడుతుంది కాబట్టి, ఆ నీళ్లనే పట్టి మళ్లీ పొరకు అందించాలి. ఎక్కువైతే పొరకు ఊపిరాడదు, తక్కువైతే బీటలు వారుతుంది. అతకామా ఎడారిలో ఆ తూకం కత్తి మీద సామే. నీళ్లు చాలక లారీ ఇంకోసారి గని దారి ఎత్తు మీద ఆగిందంటే గని యజమానులు డీజిల్ బండే ముద్దంటారు. యాస్నా ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

"మలుపు దగ్గర, పోయినవాళ్ల గుర్తుగా కట్టిన ఆ గూట్లో నీళ్ల సీసా పెడుతున్నది మీరేగా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "బల్దోమెరోకి. నా జోడీ డ్రైవరు. దారి తప్పి, దాహంతో అక్కడే పోయాడు. నా బండి నీళ్లే పోస్తానని మొక్కుకున్నా. పొద్దున పెడతాను, సాయంత్రానికి చుక్క మిగలదు."

"ఎండకి ఆవిరైపోతుంది."

"మూత బిగించిన సీసాలోంచా?"

"ఏ నక్కో..."

"నక్క మూత తిప్పి తాగి, మళ్లీ బిగించి పెడుతుందా? నరమానవుడు తిరగని చోటమ్మా అది. కాలినడకన సరిహద్దు దాటొచ్చేవాళ్లు కూడా, సైన్యం దిగాక ఆ దారి మానేశారు."

యాస్నా చూపు మలుపున్న వైపు పోయింది. పైకి మాత్రం, "పోయినవాడి కోసం ఉన్న బండిని చంపుతారా?" అని విసుక్కుంది.

మధ్యాహ్నం ఒక్కతే జీపులో మలుపు దగ్గరికి వెళ్లింది. గూట్లో బల్దోమెరో ఫొటో, వెలిసిన ప్లాస్టిక్ పూలు, నిండు సీసా. గాలి కూడా లేదు. అయినా ఎవరో చూస్తున్నట్టే ఉంది. భయమేసింది. దాహం తీరని ఆత్మల గురించి అమ్మమ్మ చెప్పినవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"క్షమించు, బల్దోమెరో," అంది. "ఇవాళ్టి నుంచి నీకు నీళ్లుండవు."

సీసా అందుకుంది. గూడు వెనక రాళ్లలోంచి దుమ్ము కొట్టుకుపోయిన చెయ్యొకటి వచ్చి సీసా పట్టుకుంది. అన్నీ ఎముకలే. యాస్నా సీసా వెనక్కి గుంజింది. వదిలించుకోబోతూ ఆ వేళ్లను పట్టుకుంది.

వెచ్చగా ఉన్నాయి, బతికున్న మనిషి వేళ్లు.