నాలుగో కాలు

“ఆ కుంటిబల్ల ఇవాళ నీళ్ళపొయ్యిలోకి వెళ్ళాల్సిందే,” అన్నాడు చలపతిరావు.

ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆ మాట శేషారత్నం చాలాసార్లే విన్నది.

కానీ ఈసారి ఆయన అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. బందరు ప్లీడర్లలో హాల్లో సోఫా వేయించిన మొదటివాడు తానేనని ఆయన నమ్మకం. ఎల్లుండి ఆదివారం జడ్జిగారు కాఫీకి వస్తున్నారు. సోఫాకి అటొకటీ ఇటొకటీ వేయడానికి మద్రాసు నుంచి స్టీమరు మీద రెండు కొత్త టీపాయిలు తెప్పించాడు. ఇన్నాళ్ళూ హాలు మూలన మూడు కాళ్ళ మీదా, ఒక ఇటుకల దొంతి మీదా నిలబడ్డ పాత టేకుబల్లకి ఇక చోటు లేదు.

“మా నాన్న రాసుకున్న బల్లండీ అది.”

“మీ నాన్న రాసుకున్నప్పుడు దానికి నాలుగు కాళ్ళుండేవి. ఇప్పుడున్నాయా?”

ప్లీడరుతో వాదించి గెలిచేదెవరు? ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇంతలో వీధిలో బండి ఆగింది. బండివాడికి సాయంగా రేవు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. తలకి తుండు, చేతిలో మోతకర్ర. టీపాయిలు రెండూ తనే దింపి హాల్లో పెట్టాడు.

మొదటిది బుద్ధిగా నిలబడింది.

రెండోది టకటకమంది. ఆ పక్క నాపరాళ్ళు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం.

“జడ్జిగారి ఒళ్ళో కాఫీ పోస్తారా ఏంటి?” అంది శేషారత్నం, వస్తున్న నవ్వు ఆపుకుంటూ.

చలపతిరావు టీపాయిని అటు జరిపాడు, ఇటు జరిపాడు. ప్లీడరు ఇంటికొచ్చిన టీపాయి కదా, వాదన మానలేదు.

ముసలాయన మాత్రం అటు చూడటమే లేదు. మూలనున్న పాతబల్ల ముందు గొంతుక్కూర్చుని, తలతుండు విప్పి దాని దుమ్ము తుడుస్తున్నాడు. కుడిచెవికి ఇత్తడిపోగు మెరిసింది. ఎడమచెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

“ఇది ఎవరిదమ్మగారూ?”

“నాదేనయ్యా. పద్దెనిమిది వందల అరవై నాలుగు ఉప్పెనలో మా అమ్మా నాన్నా పోయారు. నాకప్పుడు మూడేళ్ళు. దీని మీద తేలుకుంటూ వచ్చి గట్టున పడ్డానట. మా మేనత్త చెప్పేది.”

“ఒక్కరే తేలారా?”

“ఒక్కదాన్నే. దేవుడే తోశాడనేది మేనత్త.”

“దేవుడికి ఈతొచ్చేంటమ్మా?” అని ముసలాయన పకపకా నవ్వాడు. ఆ తర్వాత ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. “పిల్లలెంతమందమ్మా?”

“నలుగురు. మనవలు ఏడుగురు.”

“ఏడుగురే! బాగుంది, బాగుంది,” అన్నాడు, తన మనవలే అయినంత సంతోషంగా.

చలపతిరావు అవకాశం వదల్లేదు. “ఏమోయ్, అంత నచ్చితే పట్టుకుపో.”

శేషారత్నం గబుక్కున వచ్చి బల్ల మీద చెయ్యేసింది.

“నాకెందుకు బాబుగారూ? చేరాల్సిన చోటికే చేరిందిగా!”

అంటూనే మొలలోంచి చాకు తీశాడు. మోతకర్ర చివర కోసి, విరిగిన కాలి మొదలుకి ఆనించి, వలదారంతో బిగించి కట్టాడు. తడిస్తే ఇంకా బిగుస్తుందట ఆ ముడి.

“ఈ మూల బరువెక్కువమ్మగారూ. అందుకే కర్ర లావువైపు పెట్టాను.”

నేల ఎత్తుపల్లాలు చూసి ఇంకో అంగుళం కోశాడు. అప్పుడు బల్లనెత్తి, టీపాయి టకటకలాడిన చోటే పెట్టాడు. అది కదల్లేదు. చలపతిరావు మోచెయ్యి ఆనించి ఊపి చూశాడు. అయినా కదల్లేదు.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“సరే. అటు కొత్తది, ఇటు పాతది. జడ్జిగారు అడిగితే ఇప్పుడిదే ఫ్యాషనంటాను. రెండో టీపాయి నా గదిలో వేయించు.”

శేషారత్నానికి ఏనుగెక్కినంత సంబరమైంది. పరుగున వెళ్ళి పెద్ద చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. ముసలాయన నిలబడే తాగేశాడు.

“కాసేపు కూర్చోవయ్యా!”

“ఆటు తీసే వేళయిందమ్మగారూ. పడవ ఆగదు. దివిసీమ చేరాలి.”

“మళ్ళీ బందరొస్తే మా ఇంటికి రా.”

“చూశాను కదమ్మా. చాలు.”

పొట్టిదైన కర్ర భుజాన వేసుకుని వెళ్ళి బండెక్కాడు.

శేషారత్నం కుంకుమభరిణె తెచ్చుకుని బల్ల ముందు కూర్చుంది. కొత్త కాలొచ్చింది కదా, బొట్టు పెట్టకపోతే ఎలా? కుంకుమలో ముంచిన వేలు అలాగే ఆగిపోయింది.

ఈ మూల బరువెక్కువన్నాడు. అప్పటికింకా బల్లని ఎత్తనేలేదు. మరి అతనికెలా తెలుసు?

ఒక్క అంగలో వీధిలోకి వెళ్ళింది. బండి మలుపు తిరిగిపోయింది. అతని పేరైనా అడగలేదు.

తిరిగొచ్చి, కళ్ళు తుడుచుకుని, ముందు ఆ నాలుగో కాలికే నిండుగా బొట్టు పెట్టింది.

ఆనాడు గట్టు మీద మూడేళ్ళ పిల్ల పిడికిలి విప్పితే దొరికిన ఇత్తడిపోగు భరిణె అడుగున అలాగే ఉంది; దాని జంట, ఒక ముసలాయన కుడిచెవికి వేలాడుతూ, ఆటు వెంట దివిసీమకి వెళ్ళిపోతోంది.