గుండం కాడి పాట

“ఇప్పుడొచ్చే బస్సుకే పోతాండా. అడ్డం లెయ్ మాబున్నీ.”

ఆదినారాయణ గడపలో నిలబడి ఉన్నాడు. చంకలో సంచి. మండే ఎండల్లోనూ మెడచుట్టూ మఫ్లరు. ప్రొద్దుటూరు బస్సు దిగి అప్పుడే ఇంటికి వచ్చిన మాబున్ని, వాకిట్లోనే రెండు చేతులూ చాపి నిలబడింది.

“యాడికి పోతావు అయ్యవారూ? మంచం దిగొద్దని ఆస్పత్రిలో అంతగా చెప్పినారు గదా!”

“దిగకుండా ఈడ చస్తే నన్నెవరు చూస్తారు? ప్రొద్దుటూరికి పోయి అందరి కాళ్లూ పట్టుకుంటా. ఆడనే పుట్టినా, ఆడనే పోతా.”

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడు ఆయన ఒక నవల రాశాడు. ప్రొద్దుటూరి బట్టల వ్యాపారి కోడలి కథను, పేరు మాత్రం మార్చి, ఉన్నదున్నట్టు అందులో పెట్టాడు. చదివినవాళ్లందరికీ ఆమె ఎవరో తెలిసిపోయింది. అత్తవారు ఆమెను పుట్టింటికి పంపేశారు, మళ్లీ పిలవలేదు. ఊరివాళ్లు ఆయన మెడలో చెప్పులదండ వేసి జమ్మలమడుగు బస్సెక్కించారు. అప్పటినుంచి మాబున్ని ఇంటి ముందరి గదిలో అద్దెకుంటున్నాడు. ఎవరైనా గుర్తుపడతారని పగలు వీధిలోకి రాడు.

మాబున్ని పుట్టిల్లు ప్రొద్దుటూరే. ఏటా పీర్ల పండుగకు పోయి వస్తుంది. నిప్పులగుండం చుట్టూ ఎగురుతూ, తప్పు చేసినవాళ్లమీద పాటలు కట్టి పాడడం అక్కడి ఆనవాయితీ. ఆయనమీద పాడిన పాటను ఆమె ఏటా వచ్చి అప్పజెప్పేది. విని ఆయన మండిపడేవాడు. ఆ మంటతోనే లేచి కూర్చుని జవాబు రాసేవాడు. రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

“ఈ ఏడు కోపం తగ్గింటుంది. తప్పుకో,” అన్నాడు ఆదినారాయణ.

“తగ్గలేదు. నా మాట నమ్మవని సాక్షిని పిల్చుకొచ్చినా. ఈడు మా అక్క కొడుకు ఖలందర్. ప్రొద్దుటూరులో ఈనికి తెలియని మనిషి లేడు. పాట కట్టేది ఈడే.”

వెనక నిలబడిన ఖలందర్ తల వంచుకున్నాడు. మీసాలు నెరుస్తున్న మనిషి.

“నువ్వేనా నన్ను తిట్టేది? ఏదీ, నా మొగం మీద పాడప్పా!”

“ఏం ఖాలా, పాడనా?”

“పాడు. పెద్దాయన ముందర సిగ్గెందుకు?” అంది మాబున్ని.

ఖలందర్ గొంతు సవరించుకున్నాడు.

“పొత్తము రాసినాడు అయ్యవారు – ఊరి
పరువంత అమ్మినాడు అయ్యవారు
చెప్పుల దండతోటి అయ్యవారు...”

అక్కడ ఆగిపోయాడు. మాబున్ని పెదవులు కదిలాయి. ఈలోగా ఆదినారాయణే అందుకున్నాడు.

“బస్సెక్కి ఊరేగె అయ్యవారు! అంతేనా?”

“అంతే సామీ, అంతే.”

“గుండం కాడ అందరూ పాడినారా?”

“అందరూ. ఆడోళ్లు గూడా.”

“మరి నేనొస్తే?”

“గుండంలోకి తోస్తారు సామీ.”

ఆదినారాయణ గోడకు ఆనుకున్నాడు. దగ్గు తెర వచ్చి ఆయన్ని వంచేసి పోయింది. లేచేసరికి కళ్లు మెరుస్తున్నాయి.

“విన్యావా మాబున్నీ? తోస్తారంట! ఎనిమిదేండ్లయినా!” సంచి మంచం మీదికి విసిరాడు. “సిరాబుడ్డి ఇట్లియ్యి. ఈళ్లకు జవాబు చెప్పకుండా చస్తానా నేను?”

“ముందు సంగటి తిను.”

“పెట్టు, పెట్టు. శానా ఆకలిగా ఉంది.”

ఖలందర్‌ను సాగనంపడానికి మాబున్ని బస్టాండు దాకా వెళ్లింది. గబగబా నడుస్తూనే, ఆయన మళ్లీ మంచం దిగాడేమోనని వెనక్కి వెనక్కి చూసుకుంది. బస్సు కదలబోతోంది. ఖలందర్ మెట్టుమీద ఒక కాలు పెట్టి ఆగాడు.

“నువ్వు నేర్పిందే పాడినా గానీ, ఎవరు ఖాలా ఆయప్ప?”