ఎనిమిది బంగారం, ఒక నలుపు

“నల్లది కోలుకుని తొట్టెలోకి వస్తేనే నేను ఆసుపత్రికి వచ్చేది. లేకపోతే రాను. ఆ డాక్టరుతో చెప్పుకో పో,” అంది లాయ్ హింగ్, గిన్నెలోని గంజి ఊదుకుంటూ.

కూతురు సుయెట్ యీ నెత్తి కొట్టుకుంది. ఆపరేషన్‌కి ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయి. తల్లికి పేగులో గడ్డ. ఈ తేదీ తప్పితే సర్కారు ఆసుపత్రి వరసలో మళ్లీ చివరికి పోవాలి. అంటే ఆర్నెల్లు. గడ్డ అన్నాళ్లు ఆగదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

తల్లి లెక్క వేరు. ఇంట్లో ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్లది ఉండాలి. ఇంటి మీదికొచ్చే గండాన్ని నల్లది తన నెత్తిన వేసుకుంటుంది. పాత నల్లది కిందటి నెల చచ్చిపోయింది. ఆ ఖాళీ నిండందే కత్తి కింద పడుకోనని ఆవిడ పంతం. కొత్తది కొన్నారు. కొత్త చేపను తిన్నగా తొట్టెలో వేస్తే దాని జబ్బు మిగతా ఎనిమిదింటికీ అంటుకుంటుంది కాబట్టి, స్నానాలగదిలో ప్లాస్టిక్ టబ్బులో విడిగా ఉంచారు. మూడో రోజుకే ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. రెక్కలు ముడుచుకుని టబ్బు అంచుకు ఒళ్లు రుద్దుకుంటోంది. అసలే ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిన ఇల్లు. ఇప్పుడు స్నానం చేయాలన్నా టబ్బుకి అటో కాలు ఇటో కాలు వేసుకుని నిలబడాలి.

సుయెట్ యీ బంగారుచేపల వీధికి పరుగెత్తింది. ఆ చేపను అమ్మిన ఫూంగ్ ఆమె ఫోన్లో వీడియో చూసి పెదవి విరిచాడు.

“తెల్లచుక్క జబ్బు. మందేశావా?”

“రెండుసార్లు వేశాను బాబాయ్. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.”

“ఒంటి మీదున్నంతసేపు ఆ పురుగుని మందేం చేయలేదు. రాలి నీళ్లలో పడ్డాకే చస్తుంది. నీళ్లు చల్లగా ఉంటే అది రాలేసరికి నీకు జుట్టు నెరుస్తుంది. హీటరు పెట్టి ముప్పై డిగ్రీలకి తీసుకురా. కాస్త ఉప్పు వెయ్యి. గాలి పంపు ఆపకు. పది రోజుల్లో కడిగిన ముత్యం.”

“ఆ మాట కొన్నరోజే చెప్పొచ్చుగా?”

“నువ్వు నిలబడితేగా! సంచిలో చేప పడగానే బస్సందుకున్నావు.” ఫూంగ్ కాస్త నసిగాడు. “ఒక్క మాట అమ్మాయ్. ఈ నల్ల రకానికి వేడి గిట్టదు. చావదులే. రంగు పోతుంది.”

“ఎంత పోతుంది?”

“అది దాని ఇష్టం.”

హీటరు పెట్టిన ఐదో రోజుకు చుక్కలు రాలాయి. ఆరో రోజుకు పొట్ట కింద రాగిరంగు తేలింది. సుయెట్ యీ గాభరాపడి హీటరు తగ్గించింది. తెల్లారేసరికి తోక మీద రెండు చుక్కలు. మళ్లీ పెంచింది. వేడి ఉంటే నలుపు పోతుంది, తీస్తే జబ్బు పోదు. జబ్బుంటే అమ్మ కదలదు, నలుపు లేకపోయినా కదలదు. టబ్బు పక్కన గొంతుక్కూర్చుని, తనకీ ఈ చేపకీ తిరగడానికి చోటు లేదనుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని టబ్బు మీద మందపాటి గుడ్డ కప్పింది.

“వెలుతురు తగిలితే మళ్లీ తిరగబెడుతుందట. గుడ్డ తియ్యకమ్మా.”

“నాకేం పనే దాంతో,” అంది తల్లి.

పదమూడో రోజుకు చేపకి ఏ రోగమూ లేదు. నల్లమచ్చ కూడా ఎక్కడా లేదు. కమలాపండులా నిగనిగలాడుతోంది.

మర్నాడు, ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పొద్దున్న, తల్లి పార్కుకి కసరత్తుకి వెళ్లగానే, సుయెట్ యీ దాన్ని సంచిలో వేసుకుని ఫూంగ్ కొట్టు తెరవకముందే వెళ్లి నిలబడింది.

“దీన్ని తీసుకుని, ఇంతే ఉన్న నల్లది ఇవ్వండి బాబాయ్. దణ్ణం పెడతాను. జబ్బుది మాత్రం వద్దు.”

“ఇదిగో నల్లది. నెల నుంచి నా దగ్గర విడి తొట్టెలో ఉంది. భయం లేదు, తిన్నగా వేసుకో.” ఆమె తెచ్చినదాన్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. “భేషుగ్గా నయం చేశావు!” అంటూ, రెండొందల బంగారు చేపలున్న పెద్ద తొట్టెలోకి గుమ్మరించాడు. రెప్పపాటులో అది మందలో కలిసిపోయింది. అందులో ఏది ఏదో ఇక కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి, సంచిని కాసేపు తొట్టె నీళ్లలో తేలనిచ్చి వదిలింది. నల్లది ఎనిమిదింటి మధ్య దర్జాగా ఒక చుట్టు తిరిగింది. రెండు వారాల తర్వాత సుయెట్ యీకి ఊపిరాడింది.

అప్పుడే తల్లి వచ్చింది. బూట్లయినా విప్పలేదు. తిన్నగా మంచం కింద నుంచి సంచి లాగి భుజాన వేసుకుంది. తువ్వాలు, చెప్పులు, పళ్లపొడి బ్రష్షు, అన్నీ సర్ది ఉన్నాయి.

“పదవే, దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? తొమ్మిదింటికల్లా చేరమన్నారుగా!”

సుయెట్ యీకి కాళ్లు భూమ్మీద ఆగలేదు. “ఉండమ్మా, ముందు ఇటు చూడు! నీ నల్లది! ఒంటి మీద ఒక్క చుక్క లేదు!”

లాయ్ హింగ్ తొట్టె దగ్గరికొచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. భుజం మీది సంచి జారి కింద పడింది. స్టూలు మీద కూలబడి, ఒక్కో బూటూ విప్పడం మొదలుపెట్టింది.

“నిన్న స్నానానికెళ్లి గుడ్డ తీసి చూశానే. నలుపంతా దిగిపోయి బంగారమైపోయింది. నా గండం గడిచిపోయిందని సంచి సర్దుకున్నాను. ఒక్క రాత్రికే ఆ నలుపు మళ్లీ ఎక్కి కూచుందే!”