గోడకెక్కని ఫోటో

"ఈ ఏడు కూడా వద్దనే చెయ్యెత్తావా నాన్నా?"

జోలీన్ కోటు కూడా విప్పలేదు. స్టవ్ మీది కాఫీ కప్పులోకి వంపుకుంటున్న వెర్లిన్ కుచెరా వెనక్కి తిరగలేదు.

"కమిటీలో మాట అప్పుడే బయటికి పొక్కిందా?"

"ఈ ఊళ్ళో ఏ మాట దాగింది గనక? కిరాణా కొట్లో నలుగురి ముందూ అడిగింది ఆ కొట్టావిడ డార్లా, 'మీ నాన్నకి ఆ పిల్ల ఏం అపకారం చేసిందమ్మా?' అని. నాకు చచ్చినంత పనైంది."

ఆ పిల్ల రెనే వోసిక. పిల్లేమిటి, యాభై దాటాయి. నెబ్రాస్కాలోని ఆ చిన్న కాలేజీ వాలీబాల్ జట్టు ఒకే ఒక్కసారి చుట్టుపక్కల కాలేజీలన్నిటినీ ఓడించి కప్పు తెచ్చింది. అప్పుడు స్మాష్‌లు కొట్టింది రెనే. ఏటా అక్టోబరులో కాలేజీ తన పాత ఆటగాళ్ళలో ఒకరిద్దరిని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుని, జిమ్ గోడకి వాళ్ళ ఫోటో తగిలిస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని గోడ అనే అంటారు. గోడకెక్కిన వాళ్ళ కోసం శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో జనమంతా లేచి చప్పట్లు కొడతారు. రెనే పేరు ఏడేళ్ళుగా, ఎవర్ని ఎక్కించాలో తేల్చే కమిటీ ముందుకొస్తోంది. సభ్యుల్లో ఏ ఒక్కరు కాదన్నా ఆ ఏటికి ఆగిపోవాల్సిందే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదో దారి అన్నట్టు, ఆ ఒక్కరూ ఏటా వెర్లినే.

కారణం జోలీన్‌కి తెలుసు, ఊరికీ తెలుసు. అదే జట్టులో రెనేకి బంతి లేపి అందించింది జోలీన్. లేపినవాళ్ళని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పాయింట్లన్నీ కొట్టినవాళ్ళ పేరునే పడ్డాయి. జోలీన్ పేరు కమిటీలో ఎవరూ ఎత్తలేదు. తండ్రే ఎత్తుదామంటే, సభ్యులు సొంతవాళ్ళ పేర్లు ఎత్తకూడదు. ఆ అక్కసుతోనే ముసలాయన రెనేకి అడ్డం పడుతున్నాడని అందరి నమ్మకం.

"నన్ను ఎక్కించలేదనేగా నీ కడుపుమంట? నాకా గోడ అక్కర్లేదు నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నీకు అక్కర్లేదని తెలుసు."

"మరింకేంటి?"

"ఆ అమ్మాయి ఒక్కతే గెలిచిందా మ్యాచ్‌లన్నీ?"

"ఇదిగో, దీన్నే కడుపుమంటంటారు!"

వెర్లిన్ ఏదో చెప్పబోయి కాఫీ తాగాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఎనభై దగ్గరపడ్డ మొండివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

"చర్చి అయ్యాక రెనే నీకు కాఫీ తెచ్చి చేతికిస్తుంది. కొలాచీ బన్నుల్లో నీకిష్టమైన గసగసాల కొలాచీ ఏరి మరీ తెస్తుంది. అది తింటుంటే నీకు సిగ్గనిపించదా?"

"మంచి పిల్ల," అన్నాడు వెర్లిన్. "బంగారం."

జోలీన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"సరే, విను. రేపటిదాకా టైముంది. కమిటీ పెద్దకి ఫోన్ చేసి ఓటు మార్చుకో. లేదంటే నేనిక ఈ గడప తొక్కను."

ముసలాయన కప్పు బల్ల మీద పెట్టేశాడు. భార్య పోయాక ఆయనకి మిగిలింది కూతురొక్కతే. ఆదివారం భోజనానికి ఆమె వస్తుందని శుక్రవారం నుంచే ఇల్లు సర్దుకుంటాడు.

"ఆదివారం బాతు కాలుద్దామనుకున్నానే," అన్నాడు మెల్లిగా.

"ఫోన్ చేస్తావా, చెయ్యవా?"

"చెయ్యలేను తల్లీ."

"అయితే ఆ బాతేదో నువ్వే తిను."

జోలీన్ కారు తిన్నగా రెనే ఇంటికి పోనిచ్చింది. దారి పొడుగునా మొక్కజొన్న కోతలు జరుగుతున్నా ఆమె కంటికి ఏదీ ఆనలేదు. ప్రాణంగా చూసుకున్న తండ్రిని తలచుకుంటేనే సిగ్గేస్తోంది. అంతకంటే కష్టం ఇంకేముంటుంది?

రెనే ఇంటి ముందు రాలిన ఆకులు పోగేస్తోంది.

"ఏంటే ఆ మొహం? ఎవరితో పోట్లాడొచ్చావ్?"

"నన్ను క్షమించవే. ఈసారీ మా నాన్న..."

"విన్నాలే. కొంపలేం మునిగిపోలేదుగా. ఫోటో పెడితే నా ముడతలు తగ్గుతాయా?"

"వేళాకోళం ఆపు. నేను తేల్చుకునే వచ్చాను. ఇక ఆయన గడప తొక్కనని మొహమ్మీదే చెప్పేశా."

రెనే చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు అంత మాటన్నా ఓటు మార్చుకుంటాననలేదా?"

"ఎందుకంటాడు? కూతురు పోయినా ఫర్వాలేదు, కచ్చ మాత్రం పోకూడదాయె."

రెనే కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "పద, కారెక్కు. ఇద్దరం ఇప్పుడే ఆయన దగ్గరికెళ్దాం."

"నేను రాను."

"నా మాట విను జోలీ. నువ్వు లేకుండా ఆ గోడ మీద నా ఒక్కదాని మొహం ఉండటం నాకిష్టం లేదు. నువ్వు బంతి లేపకపోతే నేను కొట్టిందేముంది? ఆ మాట నేనే కమిటీతో అన్నాననుకో, నన్ను కాదనలేక నిన్నూ ఎక్కించేస్తారు. అలా ఎక్కిస్తే నువ్వు ఎక్కవు."

"అదంతా నీ మంచితనం. దానికీ మా నాన్న కచ్చకీ సంబంధమేంటి?"

రెనే ఆమె చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"ఏటా ఆయన చేత వద్దనిపిస్తున్నది నేనే."